మళ్లీ నిలబడాలనుకునే అన్నకి: కార్పొరేటరా, ఎమ్మెల్యేనా?

నాలా కోసం, నల్లా నీళ్ల కోసం ఏళ్లుగా కొట్లాడి రెండుసార్లు ఓడిన మా బస్తీ అన్న మూడోసారి దేనికి నిలబడాలి అంటే నా లెక్క ఇది.

డిపాజిట్: ఎమ్మెల్యేకి 10,000, ఎస్సీ ఎస్టీలకి సగం. 2020 జీహెచ్ఎంసీ (హైదరాబాద్ కార్పొరేషన్) ఎన్నికల్లో కార్పొరేటర్‌కి 5,000.

ఖర్చు లిమిట్: ఎమ్మెల్యేకి 40 లక్షలు, కార్పొరేటర్‌కి అప్పుడు 5 లక్షలే.

తిరుగుడు: డివిజన్ (కార్పొరేటర్ వార్డు) అయితే గల్లీ గల్లీ నడిచే తిరగొచ్చు, నియోజకవర్గం అయితే బూత్‌కో ఏజెంట్‌ని పెట్టడానికే మనుషులు దొరకరు, పార్టీ లేనోళ్లకి అసలు కష్టం అక్కడే.

రిస్క్: డివిజన్ రిజర్వేషన్ మారిందంటే ఇన్నేళ్ల కష్టం పక్కకి పోతది, నాకైతే ఇదే ఎక్కువ బాధ. అసెంబ్లీ సీటుకి ఆ భయం తక్కువ.

పేరు నాలుగు బస్తీల్లోనే తెలిస్తే కార్పొరేటర్‌కే నామినేషన్ వెయ్యాలి. చెరువుల కబ్జా లాంటి పెద్ద ఇష్యూ ఎత్తుకుని, గెలవకపోయినా మాట అందరికీ చేరాలి అనుకుంటే ఎమ్మెల్యేకి.