ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ సేవ: "వడ్డీ ఎక్కువ" అని రాస్తే ఫైలు మూసేస్తారు

పర్సనల్ లోన్‌తో చిక్కుల్లో పడ్డవాళ్లకి లాయర్ అక్కర్లేకుండా, పైసా ఖర్చు లేకుండా ఉన్న దిక్కు రిజర్వ్ బ్యాంక్ (ఆర్‌బీఐ) ఇంటిగ్రేటెడ్ అంబుడ్స్‌మన్, అంటే బ్యాంకులు, అప్పులిచ్చే సంస్థల మీద ఫిర్యాదులు విని తేల్చే అధికారి. 2021 నవంబర్ 12న మొదలైన ఈ పథకం బ్యాంకులకీ, డిపాజిట్లు తీసుకునే ఎన్‌బీఎఫ్‌సీలకీ (బ్యాంకులు కాని ఫైనాన్స్ సంస్థలు), ₹100 కోట్లు, ఆపైన ఆస్తులుండి జనంతో నేరుగా వ్యవహరించే ఎన్‌బీఎఫ్‌సీలకీ వర్తిస్తుంది. సేవ నిజంగా మంచిది. కానీ ఫిర్యాదు రాసే తీరు తెలియకపోతే మొదటి గడపలోనే తిరిగొస్తుంది.

అసలు చిక్కు ఇక్కడుంది. పర్సనల్ లోన్ వడ్డీ ఇంతకు మించకూడదని చట్టంలో అంకె లేదు. బ్యాంకింగ్ రెగ్యులేషన్ చట్టం 21ఏ సెక్షన్ ప్రకారం, బ్యాంకు వేసిన వడ్డీ మరీ ఎక్కువనే కారణంతో కోర్టులు కూడా ఆ లెక్కను తిరగదోడలేవు. మైక్రోఫైనాన్స్ సంస్థలకున్న పరిమితిని కూడా 2022 ఏప్రిల్ నుంచి ఎత్తేశారు. రేటు నిర్ణయం సంస్థ వ్యాపార నిర్ణయం కిందికి వస్తుంది, దాన్ని అంబుడ్స్‌మన్ ముట్టుకోరు. కాబట్టి "నా దగ్గర ఎక్కువ వడ్డీ గుంజుతున్నారు" అన్న ఫిర్యాదు ఎంత న్యాయమైనా నిలబడదు. "చెప్పకుండా వసూలు చేశారు" అన్నది నిలబడుతుంది. తేడా అంతా ఆ ఒక్క వాక్యంలో ఉంది.

దీనికి ఆధారం కేఎఫ్‌ఎస్, అంటే కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్, లోన్ వడ్డీ, ఫీజులు, షరతులు ఒక్కచోట రాసిచ్చే కాగితం. 2024 అక్టోబర్ 1 నుంచి ఇచ్చే ప్రతి కొత్త రిటైల్ టర్మ్ లోన్‌కీ సంతకానికి ముందే ఇది ఇవ్వాలి, అదీ అప్పు తీసుకునేవాళ్లకి అర్థమయ్యే భాషలో. తెలుగులో అడిగే హక్కు మీకుంది, అడగండి. అందులో ఏపీఆర్ (ఫీజులన్నీ కలుపుకుని ఏడాదికి పడే అసలు వడ్డీ శాతం) అనే గడి ఉంటుంది, ముందు దాన్ని చూడాలి.

ఒక లెక్క చూడండి. లక్ష రూపాయలు, ఏడాదికి 18 శాతం, 12 నెలలు. ఈఎంఐ ₹9,168. ప్రాసెసింగ్ ఫీజు 3 శాతం, దాని మీద జీఎస్టీ కలిపి ₹3,540. ఇన్సూరెన్స్ పేరుతో ఇంకో ₹1,460. ఖాతాలో పడేది ₹95,000, ఈఎంఐ మాత్రం లక్ష మీదే. ఇలా చూస్తే ఏపీఆర్ దాదాపు 28 శాతం. మన ఊరి లెక్కలో నూటికి రూపాయిన్నర అనుకున్నది రెండు రూపాయల ముప్ఫై మూడు పైసలైంది. ఆ ఇన్సూరెన్స్ ₹1,460 కేఎఫ్‌ఎస్‌లో లేకుండా, మీ స్పష్టమైన ఒప్పుకోలు లేకుండా కోసుకుంటే అది నిబంధన తప్పడమే. ఫిర్యాదులో పట్టుకోవాల్సింది ఆ ₹1,460నే, 28 శాతాన్ని కాదు.

ఇలాంటివే మరికొన్ని. ఆలస్యానికి జరిమానా వేయొచ్చు గానీ దాన్ని వడ్డీ రేటులో కలిపేసి, దాని మీద మళ్లీ వడ్డీ కట్టించకూడదు. కొత్త లోన్లకి 2024 ఏప్రిల్ నుంచీ ఇదే రూలు. రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. లోన్ యాప్ మీ కాంటాక్టులు, ఫోటోలు, కాల్ లాగ్‌లోకి వెళ్లకూడదు. డిజిటల్ లోన్‌లో కనీసం ఒక రోజు కూలింగ్ ఆఫ్ గడువు ఉండాలి. ఆ గడువులో అసలు, వాడుకున్న రోజుల వడ్డీ కట్టేసి పెనాల్టీ లేకుండా బయటపడొచ్చు.

దాఖలు చేసే పద్ధతి సులువే, ఓపిక కావాలి. ముందు సంస్థకే రాతపూర్వకంగా, ఈమెయిల్‌లో ఫిర్యాదు చేయండి. ఏజెంట్‌తో ఫోన్లో గొడవపడటం ఫిర్యాదు కాదు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, అప్పుడు ఆర్‌బీఐ ఫిర్యాదుల వెబ్‌సైట్ అయిన సీఎంఎస్ పోర్టల్‌లో నమోదు చేయాలి. 30 రోజులు ఆగకుండా వెళ్లడమే చాలామంది చేసే తప్పు. 2021 పథకం ప్రకారం, జవాబు వచ్చినప్పటి నుంచి ఏడాది దాటినా తీసుకోరు. రెండో తప్పు, పోర్టల్‌లో యాప్ పేరు వెతకడం. యాప్ వెనకున్న ఎన్‌బీఎఫ్‌సీ పేరు ఎంచుకోవాలి, అది శాంక్షన్ లెటర్‌లో ఉంటుంది. పంపిన ఈమెయిల్, కేఎఫ్‌ఎస్, బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో కోత కనపడే పేజీ జతచేస్తే చాలు. ఆన్‌లైన్ రానివాళ్లు చండీగఢ్ సెక్టార్ 17లోని ఆర్‌బీఐ కేంద్రానికి పోస్టులో పంపొచ్చు. 14448కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, సందేహాలు అడగడానికి పనికొస్తుంది.

ఏం దక్కుతుంది? 2021 పథకంలో నష్టానికి ₹20 లక్షల దాకా, మానసిక వేదనకీ తిరుగుడు ఖర్చులకీ విడిగా ₹1 లక్ష దాకా ఇప్పించే అధికారం అంబుడ్స్‌మన్‌కి ఉంది. మా దృష్టిలో ఇందులో పెద్ద లోపం ఒకటే: విచారణకు పనికిరాదని మూసేసిన ఫిర్యాదుకి అప్పీలు లేదు. అందుకే మొదటిసారే జాగ్రత్తగా రాయాలి. మూసేస్తే వినియోగదారుల కమిషన్‌కి వెళ్లే దారి ఉంటుంది.

ఊళ్లో వడ్డీ వ్యాపారి, కాల్ మనీ, ఏ ఎన్‌బీఎఫ్‌సీ పేరూ చెప్పని యాప్, ఇవేవీ అంబుడ్స్‌మన్ పరిధిలోకి రావు. బెదిరింపులుంటే నేరుగా పోలీసుల దగ్గరికి, అనుమానాస్పద యాప్ అయితే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కీ, అనుమతి లేని సంస్థల మీద ఫిర్యాదులు తీసుకునే ఆర్‌బీఐ సచేత్ పోర్టల్‌కీ వెళ్లాలి.