బడిలో దెబ్బ తగిలితే: తప్పు తేలాకే పరిహారమా, తప్పుతో పనిలేని బీమానా?

ఇంటర్వెల్‌లో ఇద్దరు పిల్లలు ఎదురెదురుగా పరుగెత్తుకొచ్చి గుద్దుకున్నారు. ఒకడికి నుదుట బొప్పి కట్టింది. రెండోవాడికి ముందు పన్ను సగానికి విరిగింది. టీచర్ అక్కడే ఉన్నారు, చూస్తూనే ఉన్నారు. నేల చదునుగానే ఉంది. ఎవరూ ఎవరినీ తొయ్యలేదు. విరిగింది పాలపన్ను కాదు, మళ్లీ మొలిచేది కాదు. ఇప్పుడు అతుకు వేయించాలి, నరం దెబ్బతింటే రూట్ కెనాల్ చేయించాలి, ఎదిగాక తొడుగు వేయించాల్సి రావచ్చు. ఈ ఖర్చంతా ఎవరు పెట్టుకోవాలి?

మీ దగ్గర ఉండగానే జరిగింది కదా అంటారు తల్లిదండ్రులు. ఇందులో మేం చేసిన తప్పేముంది అంటుంది బడి. ఇద్దరి మాటా అబద్ధం కాదు. రెండు వేర్వేరు ప్రశ్నల్ని ఒకటిగా కలిపేయడం వల్ల వచ్చే గొడవ ఇది. పిల్లాడి వైద్యానికీ, దెబ్బ పెద్దదైతే వాడి బతుకుకీ ఆసరా ఎవరివ్వాలి అన్నది ఒక ప్రశ్న. అసలు ఎందుకు జరిగింది, ఎవరు జవాబు చెప్పాలి అన్నది ఇంకొకటి. కొన్ని దేశాల్లో రెండోది తేలితే తప్ప మొదటిదానికి జవాబు దొరకదు. కొన్ని దేశాలు రెంటినీ విడదీసేశాయి. విడదీయడమే పిల్లలకు మేలని నేను నమ్ముతున్నాను. అయినా కోర్టు దారిని తీసిపారేయలేం. అది ఏం ఇస్తుందో, ఏం ఇవ్వలేదో ముందు చూద్దాం.

తప్పు రుజువైతేనే డబ్బు

ఇంగ్లండు చట్టం, దాని అడుగుజాడల్లో నడిచిన దేశాలు పట్టుకున్న దారి ఇది. 1893 నాటి కేసొకటి దీనికి పునాది. బడి నడిపే ఆయన భాస్వరం సీసాను పిల్లలు వచ్చిపోయే చోట వదిలేశాడు. అది వాళ్ల చేతికి చిక్కింది, ఒక అబ్బాయికి ఒళ్లు కాలింది. జాగ్రత్తగల తండ్రి తన పిల్లల్ని ఎలా చూసుకుంటాడో ఉపాధ్యాయుడు బడి పిల్లల్ని అలా చూసుకోవాలని కోర్టు చెప్పింది. ఈ కొలత ఖండాలు దాటింది. అయితే ఏ తండ్రీ ఒకేసారి నలభైమందిని కాయడు, ఏ ఇంట్లోనూ రసాయన ప్రయోగశాల ఉండదు. అందుకని ఇలాంటి కేసుల్లో ఆ వయసు పిల్లలు, ఆ పని, ఆ చోటు చూసుకుంటే మామూలుగా తీసుకోవాల్సిన జాగ్రత్త తీసుకున్నారా లేదా అన్నదే చివరికి తేల్చాల్సి వస్తుంది.

ఈ దారికి ఉన్న అసలు బలం డబ్బు కాదు. తప్పు ఎక్కడుందో బయటపెట్టించే శక్తి. 1955లో ఇంగ్లండులో అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చిన కార్మార్థెన్‌షైర్ కేసు చూడండి. ఒక నర్సరీ బడిలో టీచరమ్మ ఇద్దరు చిన్నపిల్లల్ని షికారుకు తీసుకెళ్లడానికి సిద్ధం చేసి కాసేపు పక్కకు వెళ్లింది. దారిలో ఇంకో పిల్లాడు పడి దెబ్బ తగిలించుకుని కనిపిస్తే ఆగి కడిగి కట్టు కట్టింది. ఈలోగా నాలుగేళ్లు కూడా నిండని పిల్లాడు గేటు దాటి రద్దీ రోడ్డు మీదికి వచ్చేశాడు. వాణ్ణి తప్పించబోయి లారీ డ్రైవర్ స్తంభానికి గుద్దుకుని చనిపోయాడు. న్యాయమూర్తులు టీచరమ్మది తప్పు కాదన్నారు. దెబ్బ తగిలిన బిడ్డను చూడటం ఆమె చేయాల్సిన పనే. అంత చిన్నవాడు రోడ్డెక్కగలిగేలా బడిని ఉంచిన కౌన్సిల్‌దే, అంటే బడిని నడిపే స్థానిక పాలకసంస్థదే తప్పన్నారు. బడుల్లో ఏ ప్రమాదం జరిగినా దగ్గరలో ఉన్న టీచర్ మీదికి వేలు వెళ్తుంది. గేటుకు గొళ్లెం ఎవరు పెట్టించాలి, పెద్దవాళ్లు ఎంతమంది ఉండాలి అన్న సంగతి ఎవరూ అడగరు. ఆ తీర్పు అడిగింది.

ఇంగ్లండులోనే 2013 నాటి ఎసెక్స్ కౌంటీ తీర్పు ఇంకో తలుపు మూసింది. ఈత పాఠాలు చెప్పింది బయటి కాంట్రాక్టరు, మాకు సంబంధం లేదన్న వాదన అక్కడి సుప్రీంకోర్టులో నిలవలేదు. బడి వేళల్లో, బడి చెప్పే చదువులో భాగంగా జరిగే పనిని ఎవరికి అప్పగించినా ఆ బాధ్యత బడి నుంచి జారిపోదు. ఈత కోచింగ్, వ్యాయామం, ప్రయోగాలు బయటివాళ్ల చేతుల్లో పెట్టే ప్రతి బడీ తెలుసుకోవాల్సిన మాట ఇది.

ఇక అదే కేసులో తేదీలు చూడండి. ఈతకొలనులో ఆ పదేళ్ల పాప మెదడు దెబ్బతిన్నది 2000లో. బాధ్యతను బదిలీ చేయవచ్చా లేదా అన్న ఒక్క న్యాయ ప్రశ్న తేలడానికి 2013 వచ్చింది. నిర్లక్ష్యం జరిగిందని విచారణలో తేలేసరికి 2015. పాప పాతికేళ్ల యువతి అయింది. భారతదేశంలో 1995లో విహారయాత్రకు వెళ్లిన 14 మంది బడిపిల్లలు బియాస్ నదిలో మునిగిపోతే సుప్రీంకోర్టు చివరిమాట చెప్పింది 2001లో. మెదడుకు దెబ్బ తగిలిన బిడ్డకు నడక, మాట తిరిగి నేర్పించే చికిత్స మొదటి నెలల్లో కావాలి. పదిహేనేళ్ల తర్వాత వచ్చే డబ్బు ఎంత పెద్దదైనా ఆ నెలల్ని తెచ్చివ్వదు.

పైగా మనం మొదట చెప్పుకున్న పన్ను విరిగిన పిల్లాడికి ఈ దారిలో వచ్చేది ఏమీ లేదు. తప్పు ఎవరిదీ కాదు కాబట్టి పరిహారమూ లేదు. ఎవరిదో చిన్న తప్పు ఉన్నా ఒక పన్ను కోసం కోర్టుకెక్కితే అయ్యే ఖర్చు పన్ను ఖర్చును మించిపోతుంది.

నన్ను ఇంతకన్నా బాధపెట్టేది బడిలో పుట్టే భయం. దావా పడుతుందేమో అనుకున్న క్షణం నుంచి అందరి నోళ్లూ మూతపడతాయి. క్షమించమని అడగడమే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని ఎవరో చెబుతారు. చూసిన టీచర్ చూడలేదంటుంది. ఏం జరిగిందో తల్లికి తన బిడ్డ చెప్పే ముక్కలు ముక్కల మాటల్లోంచి తెలుసుకోవాల్సి వస్తుంది.

ఫ్రాన్సు ఈ భయాన్ని కొంత తీసేసింది. 1937 చట్టం ప్రకారం అక్కడ నష్టపరిహారం దావా టీచర్ మీద వేయడానికి లేదు, టీచర్ స్థానంలో ప్రభుత్వం నిలబడుతుంది. మంచి మార్పే. కానీ తప్పు జరిగిందని రుజువు చేసే బరువు దెబ్బతిన్నవారి మీదే ఉంది. పన్ను విరిగిన పిల్లాడికి అక్కడా ఈ దారిలో ఏమీ రాదు.

తప్పుతో పనిలేని బీమా

జర్మనీ 1971లో కార్మికుల ప్రమాద బీమాను పిల్లలకూ వర్తింపజేసింది. కిండర్‌గార్టెన్ పిల్లల నుంచి యూనివర్సిటీ విద్యార్థుల దాకా అందరూ దాని కిందికి వస్తారు. బడిలో, బడి తీసుకెళ్లిన చోట, ఇంటి నుంచి బడికి వచ్చిపోయే దారిలో దెబ్బ తగిలితే వైద్యం, కోలుకునే చికిత్స అదే చూసుకుంటుంది. తల్లిదండ్రులు ప్రీమియం కట్టరు. శరీరం శాశ్వతంగా దెబ్బతిని, సంపాదించుకునే శక్తి కనీసం 20 శాతం తగ్గిందని తేలితే పింఛను కూడా వస్తుంది. ఎవరి తప్పు అన్న ప్రశ్న ఆస్పత్రి గుమ్మంలో ఎవరూ అడగరు.

దీనికి బదులుగా వదులుకునేదీ ఉంది. కావాలని చేసింది కాకపోతే టీచర్ మీద గానీ, గుద్దిన తోటి పిల్లాడి మీద గానీ దెబ్బకు పరిహారం అడిగే హక్కు ఉండదు. అనుభవించిన నొప్పికి విడిగా డబ్బు రాదు. టీచర్ ఘోరంగా అజాగ్రత్తగా ఉన్నా సరే, దెబ్బతిన్న కుటుంబం నొప్పికి పరిహారం రాబట్టలేదు. ఇది చిన్న నష్టం కాదు. బిడ్డ ఏడాదిపాటు మంచంలో మూలిగితే ఆ మూలుగుకు విలువ కట్టరా అని తల్లి అడిగితే నా దగ్గర సరైన జవాబు లేదు. ఇంగ్లండు కోర్టులు విలువ కడతాయి.

న్యూజిలాండ్ మరీ ముందుకు వెళ్లింది. 1974 నుంచి అక్కడ బడి, రోడ్డు, ఇల్లు అన్న తేడా లేకుండా ప్రమాదంలో దెబ్బ తగిలినవాళ్లందరికీ ఒకే పథకం. దెబ్బకు నష్టపరిహారం కోసం దావా వేసే దారిని దాదాపుగా మూసేశారు. దాని లోపం వేరే చోట ఉంది. అది ప్రమాదాల పథకం, రోగాలది కాదు. ఒకే తరగతిలో ఒకడు చెట్టు మీంచి పడి కాలు విరగ్గొట్టుకుంటాడు, ఇంకొకడికి పుట్టుకతో వచ్చిన జబ్బు వల్ల కాలు పనిచేయదు. మొదటివాడికి దొరికే ఆసరా రెండోవాడికి ఆ పథకంలో దొరకదు.

నాకు అందరికన్నా నచ్చింది జపాన్ ఏర్పాటు. అక్కడ బడిపిల్లల కోసం పరస్పర సహాయ నిధి ఉంది, జపాన్ స్పోర్ట్ కౌన్సిల్ నడుపుతుంది. తల్లిదండ్రులూ, బడి నడిపేవారూ కలిసి చందా కడతారు. వైద్య ఖర్చులో పదింట నాలుగు వంతులు నిధి ఇస్తుంది. ఆరోగ్య బీమా పోగా రోగి చేతి నుంచి పడే మూడు వంతులు, పైఖర్చులకు ఇంకో వంతు అన్న లెక్క. వడదెబ్బ, బడి భోజనం వికటించడం లాంటివీ దీని కిందికి వస్తాయి. అయినా కోర్టు తలుపు మూసెయ్యలేదు. బడి నిర్లక్ష్యం ఉందనుకుంటే దావా వేసుకోవచ్చు, నిధి ఇచ్చినంత మేరకు మినహాయిస్తారు.

దావా భయం లేకపోతే బడులు ఒళ్లు మరిచిపోతాయని చాలామంది అంటారు. జపాన్‌లో జరిగింది వింటే ఆ మాటను మళ్లీ ఆలోచించాల్సి వస్తుంది. అక్కడ ఆటల పండుగల్లో పిల్లలు ఒకరి మీద ఒకరు ఎక్కి మానవ పిరమిడ్లు కట్టడం ఎప్పటినుంచో ఉంది. ఎత్తు ఏటేటా పెరిగి కొన్ని బడుల్లో పది అంతస్తులకు చేరింది. ఏ బడికి ఆ బడి చూసుకుంటే ఏడాదికి ఒకటో రెండో దెబ్బలు, ఎవరూ పట్టించుకోరు. మరీ చిన్నవి కాని దెబ్బలకు నిధి డబ్బిస్తుంది కాబట్టి అవి దాని లెక్కల్లోకి ఎక్కాయి. లెక్కలన్నీ ఒకచోట చేర్చి చూస్తే ఇలాంటి విన్యాసాల్లో ఏటా ఎనిమిది వేలకు పైగా దెబ్బలు తేలాయి. 2016లో ప్రభుత్వం బడుల్ని హెచ్చరించింది. ఒసాకా నగరం తన బడుల్లో పిరమిడ్లు పూర్తిగా ఆపించింది. ఒక్క తల్లి ఒక్క బడి మీద వేసిన దావా ఈ చిత్రాన్ని చూపించగలిగేది కాదు. కోర్టు ముందుకు వచ్చేది కాలో మెదడో పోయిన పెద్ద కేసు ఒక్కటే. మణికట్టు విరిగిన వేల కేసులు ఇళ్లలోనే ఉండిపోతాయి. డబ్బిచ్చేచోట ప్రశ్నలు లేకపోవడం వల్లే నిజం బయటికి వచ్చింది.

తల్లిదండ్రుల సంతకం

ఈ రెండూ లేనిచోట బడులు మూడో దారి తొక్కుతాయి. విహారయాత్రకు, ఆటల పోటీకి ముందు ‘ఏం జరిగినా బడికి బాధ్యత లేదు’ అన్న కాగితం ఇంటికొస్తుంది. సంతకం చేయకపోతే పిల్లను తీసుకెళ్లరు. పిల్ల ఏడుస్తుంది, తల్లి సంతకం పెడుతుంది.

ఇది అన్నిటికన్నా చెడ్డ ఏర్పాటు. పిల్లకు వైద్యం ఇవ్వదు, బడికి జాగ్రత్త నేర్పదు, నిజాన్ని రాయించదు. చాలాచోట్ల చట్టం ముందు కూడా నిలవదు. ఇంగ్లండు చట్టం ప్రకారం, వ్యాపారంగా నడిచే సంస్థ తన నిర్లక్ష్యం వల్ల మనిషికి దెబ్బ తగిలితే ఆ బాధ్యతను కాగితం రాయించుకుని వదిలించుకోలేదు. అమెరికాలో రాష్ట్రానికో తీరు: పిల్లల తరఫున తల్లి పెట్టిన ఇలాంటి సంతకాన్ని ఒహాయో సుప్రీంకోర్టు 1998లో ఒప్పుకుంది, న్యూజెర్సీ సుప్రీంకోర్టు 2006లో ఒప్పుకోలేదు. సంతకం పెట్టాం కాబట్టి ఇక అడగలేమని ఊరుకున్న తల్లిదండ్రులు ముందు తమ చోటి చట్టం ఏమంటుందో కనుక్కోవాలి. ఎక్కడికి వెళ్తున్నారు, నీళ్ల దగ్గరికి వెళ్తారా, ఎంతమంది పెద్దవాళ్లు ఉంటారు, పిల్లకు ఏ మందు పడదు అన్నవి రాసి తీసుకునే సమ్మతి పత్రం వేరు. అది తప్పకుండా ఉండాలి.

తల్లిదండ్రులే సొంతంగా బీమా చేయించుకోవాలన్నది ఇంకో మాట. ఫ్రాన్సులో బడి బయట జరిగే ఐచ్ఛిక యాత్రలకు ఇది తప్పనిసరి కూడా. కట్టగలిగినవాళ్లకు బాగానే ఉంటుంది. తప్పనిసరి కానిచోట మాత్రం కట్టలేని ఇంటి పిల్లలే బీమా లేకుండా మిగిలిపోతారు.

నా తూకం

చిన్న, మధ్యరకం దెబ్బలకు తప్పుతో పనిలేని బీమాదే పైచేయి, అందులో నాకు సందేహం లేదు. పెద్ద దెబ్బల దగ్గర తూకం కష్టం. వెన్నెముక విరిగిన బిడ్డకు కోర్టు ఇచ్చే మొత్తం పింఛను కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కావచ్చు, అసలేమీ రాకపోనూ వచ్చు. అందుకే వైద్యం, ఆసరా వెంటనే నిధి నుంచి అందాలి, పెద్ద దెబ్బల్లో నిర్లక్ష్యం తేల్చే దారి కూడా తెరిచి ఉండాలి. టీచర్ చెయ్యి చేసుకున్న సందర్భాలు, ఒకణ్ణి పట్టుకుని నెలల తరబడి కొట్టిన సందర్భాలు వీటన్నిటికీ బయట. వాటిని ప్రమాదాలంటే నేను ఒప్పుకోను. జర్మనీ చట్టం కూడా కావాలని చేసినదానికి రక్షణ ఇవ్వదు.

ప్రభుత్వ నిధి లేనిచోట బడే తన పిల్లలందరి పేరున ప్రమాద బీమా తీసుకోవాలి. చేర్చే ముందు తల్లిదండ్రులు పాలసీ కాగితం అడిగి చూడాలి. ఆటల్లో తగిలిన దెబ్బలు, యాత్రలు, బడికి వచ్చిపోయే దారి, పళ్ల వైద్యం అందులో ఉన్నాయా? ఆస్పత్రిలో చేర్చితేనే డబ్బిస్తారా? శాశ్వత వైకల్యానికి ఎంత? చాలా పాలసీల అసలు రంగు ఈ ప్రశ్నల దగ్గరే బయటపడుతుంది.

ఏ పద్ధతిలోనైనా మొదటిరోజు రాసిన కాగితానికి తిరుగులేదు. ఎన్ని గంటలకు, ఎక్కడ, ఎవరు చూశారు, ఏం చేశారు, ఇంటికి ఎప్పుడు చెప్పారు అన్నవి ఆరోజే రిజిస్టర్‌లో రాసి నకలు తల్లిదండ్రులకు ఇవ్వాలి. తలకు దెబ్బ తగిలితే బిడ్డ బాగానే ఆడుకుంటున్నా ఇంటికి చెప్పాలి. వాంతులు, మగత, పెరిగే తలనొప్పి రాత్రికి గానీ కనిపించకపోవచ్చు, ఇంట్లోవాళ్లకు తెలియకపోతే నిద్రపోతోందనుకుంటారు. గడువులూ తెలుసుకుని ఉండాలి. ఇంగ్లండులో మామూలుగా పిల్లలకు 21 ఏళ్లు నిండేదాకా దావా వేసే వీలుంది, జపాన్ నిధిని మాత్రం రెండేళ్లలోపే అడగాలి.