రాత్రి స్ప్లింట్: చేతికి హాయే, మన ఎండకే ఆగదు

కీళ్లవాతం (రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్) ఉన్న చేతులకు, మణికట్టు, వేళ్లు కదలకుండా రాత్రిపూట కట్టుకునే ప్లాస్టిక్ పట్టీ, అదే స్ప్లింట్ మీద నాకున్న కోపమంతా ఒక్కటే. అది వేడికి ఆగదు, ఆ సంగతి ఇచ్చేటప్పుడు ఎవరూ గట్టిగా చెప్పరు. అనంతపురంలాంటి ఊళ్లో మొట్టమొదట చెప్పాల్సింది అదే.

వేడినీళ్లలో మెత్తబరిచి, చేతి మీదే మలిచే ప్లాస్టిక్ ఇది. 65–70 డిగ్రీల నీళ్లలో నిమిషం ఉంచితే మెత్తబడుతుంది. మే నెల మధ్యాహ్నం అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు కూడా ఆ వేడికి చేరగలదు. అక్కడ పెట్టిన స్ప్లింట్ మైనంలా ముద్దైపోతే నయమే, వెంటనే తెలుస్తుంది. అట్లా కాదు. మణికట్టు దగ్గర వంపు కొంచెం సాగుతుంది, చిటికెన వేలి వైపు అంచు లోపలికి వాలుతుంది. చూస్తే మామూలుగానే ఉంటుంది. కట్టుకుని పడుకుంటే మణికట్టు పక్కన పొడుచుకొచ్చే ఎముక మీద ఒత్తి, పొద్దునకు ఎర్రగా కందుతుంది. తీసిన అరగంటకూ ఆ ఎరుపు పోలేదంటే ఆకారం చెడినట్టే. అక్కడ దూది పెట్టి బిగిస్తే ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. ఇంట్లో వేడినీళ్లలో ముంచితే మొత్తం వదులై అసలు కొలతే పోతుంది. స్ప్లింట్ చేసే థెరపిస్టయితే ఆ అంచు ఒక్కటే వేడిచేసి బయటికి వంచుతారు. దగ్గర్లో చేసేవాళ్లు లేకపోతే బెంగళూరు పోవాల్సిందే.

కడగడానికి సబ్బు, చల్లనీళ్లు చాలు. మిద్దె మీద ఎండకు పెట్టొద్దు, నీడలో ఆరనివ్వండి. ఎండాకాలం లోపల చెమటపట్టి చర్మం పాసిపోతుంది కాబట్టి బనీను గుడ్డ తొడుగులు రెండు ఉంచుకుని రోజూ మార్చాలి. వెల్క్రోలో నూలుపోగులు ఇరుక్కుని పట్టు తప్పితే పాత టూత్‌బ్రష్‌తో గీకితే సరి. మెత్తని పట్టీ అరిగిపోతే బ్యాగులు కుట్టేవాళ్ల దగ్గర అదే వెడల్పుది వేయించుకోవచ్చు.

ఇన్ని చెప్పినా, కట్టుకున్న రాత్రి తెల్లవారితే మణికట్టు నొప్పి తక్కువగా ఉండి చెంబు పట్టుకోగలగడం నిజం. వేళ్లు పక్కకు వాలిపోకుండా ఆపుతుందని మాత్రం చెప్పలేను, అంత గట్టి రుజువు లేదు. పగలంతా కట్టి ఉంచితే కీళ్లు బిగుసుకుంటాయి, కండ తగ్గుతుంది. లేవగానే తీసేసి, గోరువెచ్చని నీళ్లలో చేతులుంచి, వ్యాయామం చేయాలి. 2015లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన సారా (SARAH) అనే పరిశోధనలో 490 మంది కీళ్లవాత రోగులున్నారు. మామూలు వైద్యంతో పాటు చేతులను సాగదీసే, బలం పెంచే వ్యాయామాలు నేర్పినవాళ్లకే చేతి పనితనం ఎక్కువ మెరుగైంది. ఆ వ్యాయామాలు చేసే పని స్ప్లింట్‌తో జరగదు.

నాకు మెథోట్రెక్సేట్ మందుతో వాపు అదుపులో ఉంది, పట్టీలు బిగించడానికి ఇంట్లో మనుషులున్నారు, అందుకే ఇది పనికొస్తోంది. ఒంటరిగా ఉండేవాళ్లు రెండు చేతులకూ ఒకేసారి కట్టుకుంటే రాత్రి తలుపు గడియ తీయడం కూడా కష్టం. ఒక రాత్రి ఒక చేతికి, మరుసటి రాత్రి రెండో చేతికి కట్టుకోవచ్చా అని థెరపిస్టునే అడగండి.