హారర్, థ్రిల్లర్, ప్రేమకథ: ఈమధ్య చదివిన మూడు నవలలు

షర్లీ జాక్సన్ 1959లో రాసిన 'ది హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్'లో దయ్యం ఎక్కడా కంటికి కనిపించదు. అయినా ఒళ్లు జలదరించింది. చీకట్లో పక్క గదిలోంచి గొణుగుడు, పసిబిడ్డ ఏడుపు వినిపిస్తుంటే ఆ ఇంట్లో అతిథిగా ఉంటున్న ఎలినార్ భయంతో తోటి అతిథి థియోడోరా చెయ్యి గట్టిగా పట్టుకుంటుంది. తీరా లైటు వెలిగాక చూస్తే, థియోడోరా తన మంచం మీద అప్పుడే ఉలిక్కిపడి లేస్తూ ఉంటుంది. మరి ఇంతసేపూ పట్టుకున్నది ఎవరి చెయ్యి? రచయిత్రి చెప్పదు. అక్కడ పుస్తకం మూసేసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. రక్తం, కేకలతో నిండిన హారర్ నవల ఏదీ నన్నింతగా భయపెట్టలేదు.

గిలియన్ ఫ్లిన్ 'గాన్ గర్ల్' (2012) మొదటి సగం కొంచెం సాగింది. ఐదో పెళ్లిరోజున భార్య మాయమవుతుంది. భర్త చెప్పేది ఒకటి, ఆమె డైరీ చెప్పేది ఇంకొకటి. సగం దాటాక మాత్రం టెన్షన్ తట్టుకోలేకపోయాను. ముగింపు నచ్చలేదు, ఆ ఇద్దరిలో ఎవరి మీదా జాలి మిగల్లేదు.

ఇక జేన్ ఆస్టిన్ 'పర్సుయేషన్'. దాదాపు ఎనిమిదేళ్ల కిందట విడిపోయిన ప్రేమికులు ఆన్, వెంట్‌వర్త్ మళ్లీ ఎదురుపడి, ముక్తసరిగా రెండు మాటలతో సరిపెట్టుకుంటుంటే చదివే నాకే గుండె బరువెక్కింది. చివర్లో, ఆమె ఉన్న గదిలోనే కూర్చుని అతను రాసే ఆ ఉత్తరం కోసమైనా ఈ నవల చదవండి.