పదేళ్లు డ్యూటీఫ్రీ సీసాలు మోశాక నా ఓటు శంషాబాద్ అరైవల్స్‌కే

కంపెనీ పని మీద ఏడాదికి రెండుసార్లు స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో వెళ్లి వస్తుంటాను. వచ్చేటప్పుడల్లా విస్కీ తేవడం పదేళ్లుగా అలవాటు. కొంటే అక్కడి ఎయిర్‌పోర్టులోనే కొనాలి, అదే అసలు సరుకు అని మొదట్లో అడిగిన వాళ్లందరికీ చెప్పేవాడిని. ఇప్పుడు మాత్రం శంషాబాద్‌లో దిగాక, ఇమ్మిగ్రేషన్ అయిపోయి కస్టమ్స్ దాటకముందు వచ్చే డ్యూటీఫ్రీ షాపే నాకు ప్రాణం. అక్కడ కొన్న సీసా మళ్లీ విమానం ఎక్కదు, స్కానర్ ముందుకు వెళ్లదు. పట్టుకుని నేరుగా కారెక్కడమే.

ఇది ఇంత పెద్ద విషయమా అనిపించవచ్చు. నాకు జరిగింది చెబుతాను.

మా మేనమామ సింగరేణిలో పనిచేసి గోదావరిఖనిలో రిటైరయ్యాడు. ఒకసారి మా ఇంట్లో లగవూలిన్ 16 అనే పదహారేళ్ల విస్కీ రుచి చూశాడు. స్కాట్లాండ్‌లోని ఐలా దీవి సరుకు అది. బార్లీని పీట్ (చిత్తడి నేలల్లో తవ్వితీసి ఎండబెట్టే మట్టి) మంట మీద ఆరబెడతారు కాబట్టి మూత తీయగానే పొగ వాసన గుప్పుమంటుంది. అప్పటి నుంచి ఫోన్ చేస్తే చాలు, "ఏం అల్లుడా, ఆ పొగ సీసా మళ్ల తెస్తలేవా?" అని అడుగుతాడు. ఆయన షష్టిపూర్తి దగ్గరపడిందని ఎడిన్‌బరో ఎయిర్‌పోర్టులో ఒకటి కొన్నాను. ఎర్ర అంచు ఉండే పారదర్శకమైన సంచిలో పెట్టి, బిల్లు బయటికి కనిపించేలా సీల్ వేసి ఇచ్చారు. మధ్యలో ఒక ఎయిర్‌పోర్టులో విమానం మారాలి. పైన సామాను అరలో ఎవరిదో సూట్‌కేస్ ఒత్తుకుని, అట్టపెట్టె మూల సంచిని చీల్చింది. బియ్యపు గింజంత చిల్లు. నేనైతే గమనించనే లేదు.

ట్రాన్సిట్ సెక్యూరిటీలో ఉద్యోగి సంచిని లైటు కేసి తిప్పి చూసి, ఆ చిల్లు మీద వేలుపెట్టి ఆగాడు. సీల్ చెదిరితే అది మామూలు ద్రవం కిందే లెక్క, 100 మిల్లీలీటర్లు దాటితే లోపలికి పోనివ్వరు. బిల్లు చూపించాను, సీల్ అంటించిన చోటు చెక్కు చెదరలేదని చూపించాను. ఆయన గొంతు పెంచలేదు, కానీ ఒప్పుకోనూ లేదు. చెక్-ఇన్ బ్యాగ్ ఎప్పుడో వెళ్లిపోయింది. తర్వాతి విమానానికి నలభై నిమిషాలే ఉంది, టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయి. చివరికి సీసాను పెర్ఫ్యూములు, నీళ్ల బాటిళ్లు పడేసిన ట్రేలో పెట్టి వచ్చాను. డబ్బు పోయిందన్న బాధ రెండు రోజుల్లో తగ్గింది. మామయ్య దగ్గరికి ఒట్టి చేతులతో వెళ్లడం ఇప్పటికీ గుర్తొస్తుంది.

ఆ రోజు నుంచి నా కొనుగోళ్లు శంషాబాద్‌కు మారాయి. లెక్క కూడా అక్కడే కుదిరింది. మనిషికి 2 లీటర్ల వరకే డ్యూటీ లేకుండా తెచ్చుకోవచ్చు. డ్యూటీఫ్రీలో ఎక్కువగా దొరికేవి లీటరు సీసాలు, రెండు తీసుకుంటే సరిగ్గా సరిపోతుంది. బ్రిటన్ షాపుల్లో ఉండేవి 700 మి.లీ.వి. మూడు తెస్తే 2.1 లీటర్లు, అంటే హద్దు దాటినట్టే. మా ఆవిడ తాగదు, కానీ తను వెంట ఉంటే తన పాస్‌పోర్టు మీద ఇంకో రెండు లీటర్లు వస్తాయి.

అయితే అరైవల్స్ షాపులో అన్నీ దొరుకుతాయని చెప్పను. ఏ ఊళ్లోనైనా ఇలాంటి షాపుల్లో బ్లెండ్లదే (రకరకాల విస్కీలు కలిపినవి) పైచేయి, పొగ సీసాలు తక్కువ. ధర కూడా ప్రతిసారీ అక్కడే తక్కువని అనుకోవద్దు, కొన్ని సీసాలకు తేడా పెద్దగా ఉండదు. ఇంకోటి, ప్రయాణికుల కోసమే చేశామంటూ మెరిసే పెట్టెల్లో వచ్చే వాటిలో చాలావాటి మీద వయసు అంకె ఉండదు. స్కాచ్ (స్కాట్లాండ్ విస్కీ) అనిపించుకోవడానికి ఓక్ చెక్క పీపాలో 3 ఏళ్లు ఉంటే చాలు కాబట్టి, అంకె లేకపోతే లోపలిది ఎన్నేళ్లదో మనకు తెలియదు. పెట్టె చూసి ఒకటి కొన్నాను, నీళ్లగా అనిపించింది. తిప్పి చూస్తే ఆల్కహాల్ 40 శాతం. ఇప్పుడు ముందు ఆ శాతం చూస్తాను, 43 గానీ 46 గానీ ఉంటేనే బుట్టలో వేస్తాను.

నేను నేరుగా హైదరాబాద్‌లో దిగుతాను, ఇల్లు అత్తాపూర్‌లోనే, అందుకే నాకిది ఇంత సుఖం. ముంబయిలోనో ఢిల్లీలోనో దిగి ఇంకో విమానం పట్టుకునేవాళ్లకు చేతి సంచి బెంగ మళ్లీ మొదలవుతుంది. వాళ్లు కస్టమ్స్ అయ్యాక సూట్‌కేస్ తిరిగి ఇచ్చేటప్పుడే సీసాను అందులో సర్దేయడం మంచిది.

వచ్చే నెల మళ్లీ ఎడిన్‌బరో ప్రయాణం ఉంది. మామయ్య సీసా ఈసారి ఎడిన్‌బరో ఊళ్లో షాపులోనే కొంటాను, అక్కడి పన్ను కట్టాల్సి వచ్చినా సరే. జీన్స్ ప్యాంటులో చుట్టి చెక్-ఇన్ సూట్‌కేస్ మధ్యలో పెడతాను. అది 700 మి.లీ. పోను నా కోటాలో ఇంకా 1.3 లీటర్లు మిగులుతుంది. ఆ లీటరు సీసా శంషాబాద్‌లోనే.