ఏడేళ్లుగా క్రెడిట్ రిపోర్టు చూస్తున్నాను: నాకు స్కోరు కన్నా ఆ ఒక్క లైనే ముఖ్యం

2018 నుంచి ఏటా సంక్రాంతి సెలవుల్లో నా క్రెడిట్ రిపోర్టు, అంటే నా అప్పులూ వాటి చెల్లింపులూ ఉండే చిట్టా, తీసి చూసుకుంటున్నాను. స్కోరు ఎంత అని అందరూ అడుగుతారు. నేను ముందు చూసేది ప్రతి అప్పు వివరాల్లో ఉండే 'ఓనర్‌షిప్' అన్న లైను. ఆ అప్పు మన ఒక్కరిదా, ఉమ్మడిదా, మనం షూరిటీ మాత్రమేనా అన్నది అక్కడే తెలుస్తుంది. దాని విలువ నాకు మా నాన్న రిపోర్టు తీసినప్పుడు తెలిసింది.

అక్క కూతురి ఎంఎస్ చదువు లోనుకు నాన్న కూడా సంతకం పెట్టాల్సి వచ్చింది. ఆయన రిటైరైన టీచరు. ఇంటి లోను ఎప్పుడో తీర్చేశారు, ఒక్క వాయిదా కూడా ఆలస్యం చేయలేదు. "నాకేం అప్పులున్నాయిరా చూడ్డానికి?" అన్నారు. ఎందుకైనా మంచిదని 2024 మే నెలలో తీశాను. స్కోరు 641, తక్కువే. కిందికి వెళితే ఒక వాహన రుణం, దాని పక్కన 'గ్యారంటార్'. ఊళ్లో స్నేహితుడు ట్రాలీ ఆటో కొంటుంటే 2018లో షూరిటీ సంతకం పెట్టారట. ఆయనే మర్చిపోయారు. ఎన్ని రోజులు ఆలస్యమైందో చూపే నెలవారీ చెల్లింపుల గడుల్లో 000 ఉండాల్సిన చోట 30, 61, 91. బాకీ 4,130 రూపాయలు. అప్పు ఇంకా నడుస్తున్నట్టే ఉంది.

నాన్న ఆ రాత్రి సరిగ్గా అన్నం తినలేదు. పొద్దున్నే ఆ స్నేహితుడికి ఫోన్ చేస్తే, "లాక్‌డౌన్‌లో కొన్ని నెలలు ఆగిపోయింది మాస్టారూ. 2022లో మొత్తం కట్టేశాను, ఎన్‌వోసీ బీరువాలో ఉంది" అన్నారు. బాకీ ఏమీ లేదని కంపెనీ ఇచ్చే కాగితం అది. నిజమే. ఫైనాన్స్ కంపెనీ ఆ సంగతి ఈ రిపోర్టులు తయారుచేసే క్రెడిట్ బ్యూరోకు పంపనేలేదు.

రిపోర్టులో తప్పుంటే ఆన్‌లైన్‌లో బ్యూరోకు డిస్ప్యూట్ (ఫిర్యాదు) పెడితే చాలని ఆఫీసులో అందరికీ చెప్పేవాణ్ని. అంత సులువు కాదు. బ్యూరో తనంతట తాను ఏదీ మార్చదు, అప్పిచ్చిన వాళ్లనే అడుగుతుంది. వాళ్లు మొదటిసారి 'వివరాలు సరైనవే' అని జవాబిచ్చారు. ఎన్‌వోసీ కాపీతో కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాసి మళ్లీ డిస్ప్యూట్ పెడితే అప్పుడు 'క్లోజ్డ్' అయింది. 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం అన్న ఆర్‌బీఐ నిబంధన అప్పటికే వచ్చింది. మా రెండు ఫిర్యాదులూ గడువులోపే తేలాయి కాబట్టి దాని అవసరం పడలేదు. ఆలస్యమైన నెలల గుర్తులు మాత్రం అలాగే ఉన్నాయి. అవి నిజాలే కదా, తీసేయరు.

ఇంకో మాట. నేను ఏళ్లుగా మెచ్చుకున్న ఉచిత స్కోరు యాప్‌లో ఈ అప్పు ఊసే లేదు. అది వేరే బ్యూరో నుంచి తీసుకుంటుంది. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ నాలుగూ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మన రిపోర్టు మనం చూసుకుంటే స్కోరు తగ్గదు. అందుకే ఇప్పుడు మూడు నెలలకొకటి తీస్తున్నాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన తమ్ముడికి ఇంకా స్కోరే లేదు, అయినా వాడిదీ తీశాను. వాడి పాన్ మీద ఎవరి అప్పూ లేదని తెలిస్తే నాకు టెన్షన్ ఉండదు.

నాది నెల జీతం, ఫోన్‌లో ఇవన్నీ చేయడం అలవాటు. అందుకే నాకు ఇది బాగా పనికొచ్చింది. నాన్న ఒక్కరే చేసుకోవాల్సి వస్తే చేయగలిగేవారని అనుకోను. ఓటీపీ ఆయన పాత నంబరుకు వెళ్లి దాంతోనే రెండు రోజులు పోయాయి.

మేనకోడలి లోను జూలైలో మంజూరైంది. నాన్న ఇంతవరకూ ఎవరెవరికి షూరిటీ ఉన్నారో గుర్తుచేసుకుని డైరీలో రాశారు. ఇంకో రెండు తేలాయి. వాటిలో ఒకటి ఇప్పటిదాకా తీసిన రిపోర్టుల్లో లేదు. ఇంకా రెండు బ్యూరోలవి తీయాలి.