ఫ్రేముల మధ్య ఏ పూలు: క్రేప్ పేపరా, కార్డ్‌స్టాకా?

ఒక ఫ్రేము మీద ఇంకో చిన్న ఫ్రేమును కొద్దిగా పక్కకు జరిపి అతికించి, ఆ సందులో కాగితం పూలు కూర్చితే బొమ్మకు లోతు వస్తుంది. ఆ పూలు ముడతలుండే పల్చని క్రేప్ పేపర్‌తో చేయాలా, దళసరి కార్డ్‌స్టాక్‌తోనా?

అందంలో నా ఓటు క్రేప్‌కే. ముడతలకు అడ్డంగా లాగితే అది సాగుతుంది. అందుకే రెక్క మధ్యలో బొటనవేళ్లతో నొక్కి గిన్నెలా ఒంపు తేవచ్చు. గులాబీ, మందారం నిజమైన పూలలాగే వస్తాయి. కత్తిరించేటప్పుడు ముడతలు రెక్క పొడవునా నిలువుగా ఉండాలి, లేకపోతే ఒంపు సరిగ్గా రాదు. అయితే విశాఖ గాలిలో తేమ ఎక్కువ. బీచ్ రోడ్డు వైపు కిటికీలు తెరిచి ఉంచే ఇళ్లలో వానాకాలానికి ఆ రెక్కలు మెత్తబడి వాలిపోతాయి. ముదురు ఎరుపైతే తడి తగలగానే రంగు దిగి కింది కాగితానికి అంటుకుంటుంది.

కార్డ్‌స్టాక్ పూలు కాస్త బిరుసుగా కనిపించినా ఆకారం నిలుపుకుంటాయి. 200 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం గ్రాముల్లో తూగే బరువు) చుట్టుపక్కల ఉన్నది చాలు. మరీ మందమైతే చుట్టేటప్పుడు విరిగినట్టు గీత పడుతుంది. పైన జెస్సో (రంగు బాగా పట్టడానికి ముందుగా వేసే పూత), యాక్రిలిక్ రంగులు కూడా వేసుకోవచ్చు.

గాజున్న లోతైన ఫ్రేములో పెట్టేట్టయితే హాయిగా క్రేప్ వాడండి. గాజు లేకుండా గోడకు తగిలిస్తే కార్డ్‌స్టాకే మంచిది. పువ్వు మధ్యలో ఏటికొప్పాక లక్క పూస ఒకటి పెడితే ఎంత బాగుంటుందో! దాన్ని మాత్రం సన్నని తీగతో కట్టండి. గ్లూ గన్ వేడికి లక్క మెత్తబడుతుంది.